"పాపని నిద్ర లేపొద్దని చెప్పు"

చెన్నై సాలిగ్రామం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఇంటివాళ్లని గుర్తుపట్టే వివరాలు తీసేసి, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆవిడకి 60 ఏళ్లు. బ్యాంకు ఉద్యోగం చేసి ఈమధ్యే రిటైరయ్యారు. 93 ఏళ్ల నాన్నగారు ఆవిడ దగ్గరే ఉంటారు. ఆయన 1932లో తెనాలిలో పుట్టారు. తండ్రి నాటకాలకి హార్మోనియం వాయించేవారు. పిల్లవాడు నాలుగేళ్లకే పద్యం ఎత్తుకుంటే దారిన పోయేవాళ్లు ఆగి వినేవారట. 1938లో సినిమావాళ్లు ఆ గొంతు విని మద్రాసు తీసుకెళ్లారు. వెనకే కుటుంబమంతా వెళ్లి ట్రిప్లికేన్‌లో ఒక పోర్షన్‌లో అద్దెకి దిగింది. ఏడేళ్లలో తెలుగు, తమిళం కలిపి తొమ్మిది సినిమాలు. బాలకృష్ణుడు, ధ్రువుడు, కథానాయకుడి చిన్నతనం, దిక్కులేని పిల్లవాడు, ఇలాంటి వేషాలు. పాటల పుస్తకంలో పేరు ముందు 'మాస్టర్' అని అచ్చయ్యేది. 1942లో జపాన్ బాంబుల భయంతో పట్నం ఖాళీ అయినప్పుడు ఏడాదిపాటు తెనాలి వెళ్లిపోయారు. తిరిగొచ్చాక రెండు సినిమాలు చేశారు. 13 ఏళ్లకి గొంతు మారింది. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. "వాడు గొంతు పోగొట్టుకున్నాడు" అని తాతగారు చివరిదాకా అనేవారట. నాన్నగారు ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా చేరి, ప్రూఫ్‌రీడర్‌గా రిటైరయ్యారు. ఇంట్లో ఎన్నడూ సినిమా మాటెత్తలేదు. టీవీలో పాత పాట వస్తే లేచి బాల్కనీలోకి వెళ్లిపోయేవారు.

ఈ వేసవిలో ఇంటికి రంగులు వేయిద్దామని అటక ఖాళీ చేస్తే ఒక ట్రంకుపెట్టె బయటపడింది. అందులో రెండు పాటల పుస్తకాలు, కిరీటం పెట్టుకున్న ఫొటో ఒకటి, తాతగారు సంతకం చేసిన అగ్రిమెంటు, ఒక పద్దుల పుస్తకం ఉన్నాయి. ప్రతి నెలా మొదటి వరసలో "చిన్నవాడి జీతం 60 రూపాయలు" అని ఉంది. కింద ఇంటద్దె, బియ్యం, హార్మోనియం మరమ్మతు, తర్వాతి సంవత్సరాల్లో పెద్దత్తయ్య పెళ్లి ఖర్చులు. "ఆ పిల్లవాడి కోసం పెట్టిన ఖర్చు పుస్తకమంతా వెతికితే ఒక్కటే కనపడింది. 'చిన్నవాడికి బొంగరం, 1 అణా'. ఆ రోజు నుంచి తాతగారి ఫొటో ముందు దీపం పెట్టలేకపోతున్నాను. చెయ్యి రావడం లేదు" అని రాశారు.

ఇంతలో పాత సినిమాల మీద పరిశోధన చేస్తున్న ఒక కుర్రాడు పేరు పట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కెమెరా ముందు నాన్నగారితో మాట్లాడించాలని అతని కోరిక. హైదరాబాదులో ఉన్న అన్నయ్యకి ఈ సంగతి తెలిసి పెద్ద సన్మానం పెట్టిద్దామన్నారు. ఆయన ఏడేళ్ల మనవరాలికి ఒక సినిమాలో హీరో కూతురి వేషం వచ్చింది, 40 రోజుల షూటింగ్. "ముత్తాత నుంచి మునిమనవరాలి దాకా" అని చెప్పుకుంటే పాపకి మంచి పేరొస్తుందని అన్నయ్య ఆశ. నాన్నగారికి చెప్తే "వద్దమ్మా" అన్నారు. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు రాత్రి మంచం మీద కూర్చుని, "పాపని నిద్ర లేపొద్దని చెప్పు" అన్నారు. అంతే. ఆ రాత్రే ఆయన గదిలోంచి సన్నగా కూనిరాగం వినిపించింది. పాటల పుస్తకంలో ఆయన పేరుతో ఉన్న పాటే.

"ఆయనకి చెప్పాలని ఉందో లేదో నాకు అర్థం కావడం లేదు. 93 ఏళ్లు. ఇప్పుడు అడగకపోతే ఎప్పటికీ తెలియదు. అడిగితే బాధపెడతానేమో. అన్నయ్య నేనే అడ్డుపడుతున్నానని కోపంగా ఉన్నాడు. పాప విషయంలో నేను కలగజేసుకోవాలా? తాతగారిని ఏమనుకోవాలి?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

*

అమ్మా, మీ ప్రశ్నలకి సగం జవాబు నాన్నగారి మాటలోనే ఉందని నాకనిపిస్తోంది. అందుకే అక్కడ మొదలుపెడతాను.

నేను కోడంబాకంలో పెరిగాను. 1960ల్లో మా వీధి చివర తెల్లవారుజామున కంపెనీ వ్యాను ఆగేది. మా అమ్మ వాకిట్లో ముగ్గు వేసే వేళకి ఒకావిడ నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని వచ్చి ఎక్కేది. పిల్లకి జడ వేసే ఉండేది, రిబ్బను కట్టే ఉండేది. అంటే నిద్రలోనే జడ వేసేదన్నమాట. ఆ పిల్ల సినిమాలో కనిపిస్తుందని మేమంతా కుళ్లుకునేవాళ్లం. నిద్రపోతున్న పిల్ల తలని ఒళ్లో పెట్టుకుని చీకట్లో జడ అల్లిన ఆ తల్లిని నేను చాలా ఏళ్లదాకా తలుచుకోలేదు. మీ ఉత్తరం చదివాక ఆ రిబ్బను గుర్తొచ్చింది.

మీ నాన్నగారి కాలం ఇంకా కష్టం. నేపథ్యగానం స్థిరపడకముందు తెర మీద ఉన్నవాళ్లే పాడాలి. హార్మోనియం, తబలా వాళ్లు కెమెరాకి కనపడకుండా పక్కన కూర్చునేవారు. మాట, పాట, అభినయం అన్నీ ఒకేసారి పట్టేవారు. ఎక్కడ తప్పినా మళ్లీ మొదటినుంచి. బయటి నుంచి తెప్పించుకునే ఫిల్ము కాబట్టి తప్పిన ప్రతిసారీ డబ్బు దండగ. మద్రాసు తొలి స్టూడియోల్లో బయటి చప్పుడు లోపలికి రాకుండా ఆపే ఏర్పాట్లు అంతంతమాత్రం. కాకులు అరవకుండా తోలడానికి మనిషిని పెట్టుకున్న సంగతి ఆ కాలం వాళ్లు చెప్పుకున్నదే. ఊరు సద్దుమణిగాక రాత్రిపూట పని పెట్టుకోవడానికి అదీ ఒక కారణం. ఆరేళ్ల పిల్లవాడిని అర్ధరాత్రి లేపి, మొహాన రంగు వేసి, వేడెక్కిన దీపాల మధ్య నిలబెట్టి, తప్పకుండా పాడమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. వాడు తప్పితే ఫ్లోరు మీద ఉన్న ఇంతమంది పెద్దవాళ్లు మళ్లీ మొదలుపెట్టాలి. అది ఆ పిల్లవాడికి తెలుసు.

ఇంత జరిగిన మనిషి, 80 ఏళ్లుగా నోరు విప్పని మనిషి, మునిమనవరాలి మాట వచ్చేసరికి తన గురించి ఏమీ చెప్పలేదు. పాప నిద్ర గురించి చెప్పారు. నాకు అది సలహాలానే వినిపించింది. పాపని సినిమాకి పంపొద్దని ఆయన అనలేదు చూడండి. నిద్ర లేపొద్దన్నారు.

ఇక "గొంతు పోగొట్టుకున్నాడు" అన్న మాట సంగతి. మీ తాతగారు అలవాటుగా అన్న మాటే, కానీ ఎంత అన్యాయమైన మాటో చూడండి. పోగొట్టుకోవడం అంటాం దేన్ని? బజారుకి వెళ్తూ గొడుగు పోగొట్టుకుంటాం, బస్సులో పర్సు పోగొట్టుకుంటాం. మన అజాగ్రత్త వల్ల పోయినదాన్ని అలా అంటాం. పదమూడేళ్ల కుర్రాడికి గొంతు మారింది. మీసం వచ్చినట్టే అదీ వచ్చింది. ఆ రోజుల్లో బాలనటుడి పాత్రలన్నీ పద్యం, పాట చుట్టూ తిరిగేవి కాబట్టి గొంతు మారడమంటే పని పోవడమే. ఒక్క మీ నాన్నగారికే కాదు, దాదాపు అందరు మగపిల్లలకీ అదే అయింది.

దానికి తోడు కాలం కూడా కలిసిరాలేదు. యుద్ధం రోజుల్లో ముడి ఫిల్ము దొరకలేదు, ప్రభుత్వం రేషన్ పెట్టింది, సినిమా నిడివి 11,000 అడుగులు దాటకూడదని ఆంక్ష విధించింది. 1943 నుంచి 1945 దాకా వచ్చిన తెలుగు సినిమాలని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పెద్ద పెద్ద నటులకే పని లేదు. ఆ రెండేళ్లలో ఒక కుర్రాడికి రెండు సినిమాలు వచ్చాయంటే అతను బాగా చేసేవాడనే అర్థం. ఈ మాట నాన్నగారికి ఎప్పుడైనా ఎవరైనా చెప్పారా? ఎవరూ చెప్పి ఉండరు. మీరు చెప్పొచ్చు. కెమెరా అక్కర్లేదు, సన్మానం అక్కర్లేదు. అన్నం వడ్డిస్తూ, "నాన్నా, గొంతు మారడం మీ తప్పు కాదు, ఆ రోజుల్లో సినిమాలే ఆగిపోయాయట" అనండి చాలు. ఆయన ఏమీ అనకపోవచ్చు. వింటారు.

ఇక ఇంటర్వ్యూ సంగతి. "ఇప్పుడు అడగకపోతే ఎప్పటికీ తెలియదు" అన్న మీ భయం నాకు అర్థమవుతుంది. నిజంగానే ఆ కాలం సాక్ష్యాలు కరిగిపోతున్నాయి. అప్పటి ఫిల్ము నైట్రేట్‌తో చేసినది, అంటుకుంటే ఆరదు, అంటుకోకపోయినా ఏళ్ల తరబడి దానంతట అదే పాడైపోతుంది. తొలి టాకీల్లో చాలా భాగం అలాగే పోయాయి. మన మొదటి తెలుగు టాకీ, 1932 నాటి భక్త ప్రహ్లాద, నడిచిందే ఒక పిల్లవాడి మీద. ప్రహ్లాదుడు వేసింది సింధూరి కృష్ణారావు. 1934లో లవకుశ. 1936లో సి. పుల్లయ్యగారు పిల్లల చేతనే సతీ అనసూయ, ధ్రువ విజయం కలిపి కలకత్తాలో తీశారు. మన సినిమా మొదటి అయిదారేళ్లని పిల్లలు భుజాల మీద మోశారంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. వాళ్లు ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, ఎవరు ఎత్తుకున్నారు అన్నది ఎక్కడా సరిగ్గా రాసి లేదు. ఆ పరిశోధక కుర్రాడి ఆత్రం నాకు తప్పనిపించదు.

అయినా ఆ ఖాళీ పూరించే బాధ్యత మీ నాన్నగారిది కాదు. ఆయన "వద్దమ్మా" అన్నారు. ఆరేళ్ల వయసులో "వద్దు" అని ఉంటే ఎవరైనా విన్నారో లేదో మనకి తెలియదు. ఇప్పుడు వినకపోవడానికి మాత్రం మనకి ఏ సాకూ లేదు.

సన్మానం మాట కూడా ఆలోచించండి. శాలువా కప్పుతారు. పొగుడుతారు. అంతవరకు బాగానే ఉంటుంది. తర్వాత మైకు చేతికిచ్చి "ఒక్క చరణం పాడండి సార్" అంటారు. తప్పకుండా అంటారు. మన సభల్లో అది అనకుండా ఉండరు. ఆ క్షణంలో ఆయన పాడినా ఇబ్బందే, పాడలేకపోయినా ఇబ్బందే. నా మనసులో మాట చెప్పమంటే, సన్మానం వద్దు. అన్నయ్యకి ఇంత సూటిగా చెప్పడం మీకు కష్టమైతే, ఈ మైకు సంగతి ఒక్కటి చెప్పండి. ఆయనా కొడుకే కదా, అర్థం చేసుకుంటారు.

అయితే పూర్తిగా వదిలేయడం, కెమెరా ముందు కూర్చోబెట్టడం, ఈ రెంటికీ మధ్య చాలా దారి ఉంది.

ఒక దారి కాగితాలది. పాటల పుస్తకాలు, ఫొటో, అగ్రిమెంటు, పద్దుల పుస్తకం. వీటి కాపీలు ఆ కుర్రాడికి ఇవ్వడానికి నాన్నగారు ఒప్పుకుంటే, ఆయన ఒక్క మాట మాట్లాడక్కర్లేకుండానే చరిత్రకి కావలసింది చాలావరకు అందుతుంది. అసలు ప్రతులు పుణేలో 1964 నుంచి ఉన్న జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కి ఇవ్వొచ్చు, అక్కడ పాటల పుస్తకాలు కూడా భద్రపరుస్తారు. మన ఊళ్లోనే తరమణిలో రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం ఉంది, వాళ్ల దగ్గర తమిళ సినిమా పాటల పుస్తకాలు బాగా ఉన్నాయి, ఎలా దాచుకోవాలో వాళ్లని అడిగినా చెప్తారు. కానీ పద్దుల పుస్తకం మాత్రం తొందరపడి ఇవ్వకండి. అందులో మీ పెద్దత్తయ్య పెళ్లి ఖర్చు ఉంది. రేపు ఎవరో దాన్ని అచ్చు వేస్తే, "తమ్ముడి సంపాదన మీద పెళ్లి చేసుకుంది" అని ఆవిడ పిల్లలు చదవాల్సి వస్తుంది. ఆ పెళ్లి ఆవిడ అడిగి చేయించుకున్నది కాదు. ఇంట్లో అందరికీ చెప్పాకే ఆ పుస్తకం గడప దాటాలి.

ఇంకో దారి మీది. మీరే అడగడం, మీరే రాసుకోవడం. ఇందులో ఒక జాగ్రత్త. "అప్పుడు మీకెలా అనిపించింది నాన్నా?" అని అడగకండి. ఆ ప్రశ్నకి 93 ఏళ్ల మనిషి దగ్గర జవాబు ఉండదు, లేదా మరీ ఎక్కువ ఉంటుంది. చిన్నవి అడగండి. స్టూడియోకి ఎందులో వెళ్లేవారు, జట్కాలోనా? టిఫిన్ ఏం పెట్టేవారు? మొహం మీద రంగు దేంతో తుడిచేవారు? ఇలాంటివి చెప్పడం సులువు. చెప్తూ చెప్తూ ఆయనే ఎంత దూరం వెళ్లాలనుకుంటే అంత దూరం వెళ్తారు. పాడుకుంటున్న కూనిరాగాన్ని గురించి మాత్రం అడగకండి, ఫోనులో రికార్డు అసలే చేయకండి. ఎవరూ వినడం లేదనుకుని ఆయన పాడుకున్న మొదటి పాట అదేనేమో. ఆ దారిలో మీకూ ఒక ప్రమాదం ఉంది, ముందే చెప్తున్నాను. తాతగారి గురించి మీరు వినకూడదనుకున్నవి వినాల్సి రావొచ్చు. కొట్టేవారేమో. ఆకలితో ఉంచేవారేమో. లేక మీరు అనుకుంటున్నంత ఏమీ లేదేమో, ఆయన తండ్రిని ఎంతో ప్రేమగా తలుచుకుంటే మీ కోపం మీ చేతిలోనే మిగిలిపోవచ్చు. ఏది విన్నా తర్వాత విననట్టు ఉండలేరు. అందుకు సిద్ధమైతేనే మొదలుపెట్టండి. సిద్ధంగా లేకపోతే ఊరుకోండి. ఊరుకోవడం తప్పు కాదు.

మీ తాతగారి విషయంలో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. కొన్ని సంగతులు మాత్రం మీ ముందు పెడతాను. మీ నాన్నగారు మొదటి సినిమా చేసిన 1938లోనే మన దేశంలో పిల్లల పని మీద ఒక చట్టం వచ్చింది. రైల్వేలు, రేవులు, బీడీలు, అగ్గిపెట్టెలు, తివాచీలు, తోళ్లు, ఇలాంటి పనుల్లో పిల్లలని పెట్టకూడదని అందులో ఉంది. సినిమా ఊసు లేదు. సినిమాలో పిల్లవాడు చేసేది పనే అని ఎవరికీ తోచలేదు. అదే 1938లో అమెరికాలో జాకీ కూగన్ అనే కుర్రాడు కోర్టుకెక్కాడు. 1921లో ద కిడ్ అనే సినిమాతో లోకమంతా పేరు తెచ్చుకున్న బాలనటుడు. పెద్దయ్యాక చూసుకుంటే లక్షల డాలర్ల సంపాదన తల్లీ, మారుతండ్రీ ఖర్చు పెట్టేశారు. చివరికి అతని చేతికి వచ్చింది దాదాపు 1,26,000 డాలర్లు. ఆ గొడవ చూసి మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదనలో కొంత విడిగా దాచాలని చట్టం చేశారు. అంత సంపన్న దేశంలో కోర్టు దాకా వెళ్తేగానీ తెలియని సంగతి, తెనాలి హార్మోనిస్టుకి తెలియకపోవడంలో వింత లేదు. పూట గడవని ఇంట్లో నెలకి 60 రూపాయలు ఎంత పెద్ద మొత్తమో మీరూ ఊహించగలరు.

ఇదంతా చెప్పి ఆయన్ని క్షమించమని అడగడం లేదు. తెలియకపోవడం వేరు, ఏడేళ్లు తన బియ్యం కొనిపెట్టిన కొడుకుని "గొంతు పోగొట్టుకున్నాడు" అనడం వేరు. మొదటిదానికి కాలం బాధ్యత వహిస్తుంది. రెండోది ఆయన సొంతం. మీ కోపం ఆ రెండోదాని మీద అయితే, అది న్యాయమైన కోపమే.

దీపం సంగతి. చెయ్యి రాకపోతే పెట్టకండి. బలవంతాన పెట్టే దీపం ఎవరికి? కానీ ఫొటో గోడ మీంచి దించేముందు ఒక్కసారి ఆగి, ఆ ఫొటో వైపు నాన్నగారు ఎలా చూస్తారో గమనించండి. ఆ గోడ మీద ఆయన తండ్రి ఉన్నారు. దించాలా, ఉంచాలా అన్నది మీకన్నా ముందు ఆయన చెప్పాలి.

ఇప్పుడు పాప. ఇక్కడ మీరు కలగజేసుకోవాలి. అడ్డుపడమని కాదు. ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియనిది మీకు తెలుసు, అది చెప్పాలి.

అన్నయ్యకి ఆశ ఉండటంలో తప్పు లేదు. పిల్లలు తెర మీదికి వెళ్తే చెడిపోతారని నేను చెప్పను. సతీ అనసూయలో చిన్నతనాన నటించిన సి. కృష్ణవేణిగారు తర్వాత హీరోయిన్ అయ్యారు, స్టూడియో నడిపారు, 1949లో మన దేశం తీసి రామారావుగారిని తెరకి తెచ్చారు, నిండు నూరేళ్లు బతికి 2025 ఫిబ్రవరిలో వెళ్లిపోయారు. 1967 భక్త ప్రహ్లాదలో ప్రహ్లాదుడు వేసిన రోజారమణిగారు పెద్దయ్యాక ఎందరో హీరోయిన్లకి గొంతు ఇచ్చారు. ఇలాంటి పేర్లు అన్నయ్య కూడా చెప్తారు. అప్పుడు మీరు నాన్నగారి పేరు చెప్పండి. ఇంటి మనిషి కదా, ఆయన్ని లెక్కలోకి తీసుకోకుండా బయటి పేర్లే చెప్పుకోవడం ఏం బాగుంటుంది?

వద్దనుకుంటే పాప మామూలుగా స్కూలుకి వెళ్తుంది. పెద్దయ్యాక "నన్నెందుకు పంపలేదు?" అని ఒకనాడు అడగొచ్చు. ఆ మాట పడటానికి సిద్ధంగా ఉండాలి. పంపిస్తే మాత్రం చట్టం ఇప్పుడు మీ నాన్నగారి కాలంలా లేదు. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం, 2017 నాటి నిబంధనలు చాలా స్పష్టంగా ఉన్నాయి. పిల్లలు రోజుకి 5 గంటలు మించి పని చేయకూడదు, మధ్యలో విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులు మించకూడదు, అంటే పాపకి చెప్పిన 40 రోజులు ఏకబిగిన కుదరదు, విరామం ఇచ్చి తీరాలి. నిర్మాత ముందుగా జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. చదువు దెబ్బతినకూడదు. పిల్లకి ఇష్టం లేకుండా చేయించకూడదు. పాప సంపాదనలో కనీసం 20 శాతం ఆమె పేరు మీద జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి, మేజర్ అయ్యాక తన చేతికి వస్తుంది.

20 శాతం చట్టం అడిగేది. ఇంట్లో ఎవరికీ పూట గడవని స్థితి లేదు కాబట్టి మొత్తం డబ్బు పాప పేరు మీదే ఎందుకు వేయకూడదు? మీరు బ్యాంకులో పనిచేసినవారు, ఆ పని మీరే దగ్గరుండి చేయించగలరు. పాప కోసం ఇంకో పద్దుల పుస్తకం తెరవండి.

ఇక నేను పైన చెప్పిన నిబంధనల్లో లేనిది ఒకటుంది, అది మీ నాన్నగారు చెప్పారు. అయిదు గంటలు అంటుంది చట్టం. ఆ అయిదు గంటలు తెల్లవారుజామున నాలుగింటికి మొదలైతే? అందుకని అగ్రిమెంటు మీద సంతకం పెట్టేముందు అన్నయ్య, మేనల్లుడు అడగాల్సిన మొదటి ప్రశ్న పారితోషికం గురించి కాదు, కాల్‌షీట్ ఎన్నింటికి అన్నది. పాప తనంతట తాను లేచే వేళకి ముందు కుదరదని, రాత్రి పడుకునే వేళ దాటాక కుదరదని రాయించుకోవాలి. తల్లి గానీ తండ్రి గానీ ప్రతి రోజూ సెట్లో ఉండాలి. పాప "ఇంటికెళ్దాం" అంటే ఆ రోజుకి లేచి వచ్చేయగలిగే మనిషి ఉండాలి. ప్రొడక్షన్ మేనేజర్ మొహం చూసి మొహమాటపడే మనిషి అయితే లాభం లేదు. ఈ షరతులకి కంపెనీ ఒప్పుకోకపోతే వేషం పోతుంది. పోనివ్వండి. ఒప్పుకుంటే పాప హాయిగా చేసొస్తుంది, ఆ నలభై రోజులు పెద్దయ్యాక ముచ్చటగా చెప్పుకుంటుంది.

పాప ప్రచారంలో నాన్నగారి పేరు, ఫొటో వాడుకోవడం మాత్రం ఆయన ఒప్పుకోకుండా జరగకూడదు. ఆ కిరీటం ఫొటో ఆయనది. ఇంట్లో మిగతా అందరూ దాని నుంచి ఏదో ఒకటి పొందారు. ఈసారి ఆయన్ని అడగాలి.

అన్నయ్యకి ఇవన్నీ ఎలా చెప్పాలా అని మీకు టెన్షన్‌గా ఉండొచ్చు. ఫోనులో వాదించకండి. పద్దుల పుస్తకంలో ఒక పేజీ ఫొటో తీసి పంపండి. బొంగరం ఉన్న పేజీ. కింద నాన్నగారు అన్న మాట రాయండి. మీ అభిప్రాయం ఏమీ కలపకండి. ఆయన ఫోన్ చేసేదాకా ఆగండి.

ఆ బొంగరం దగ్గరే నేనూ చాలాసేపు ఆగిపోయాను. అణా పెట్టి బొంగరం కొన్న తండ్రి కాబట్టి మంచివాడని చెప్పలేం, ఏడేళ్లలో ఒక్కటే కొన్నాడు కాబట్టి చెడ్డవాడని కూడా చెప్పలేం. అసలు ఆ బొంగరం పిల్లవాడు అడిగి కొనిపించుకున్నాడో, ఏదైనా షాట్ కోసం కంపెనీవాళ్లు తెమ్మన్నారో కూడా మనకి తెలియదు. నాన్నగారికి తెలుసు. మీరు ఆయన్ని ఒక్క ప్రశ్న మాత్రమే అడగగలిగితే అది అడగండి. "నాన్నా, మీకు బొంగరం ఉండేదా?" అని.

రాత్రి అడగకండి. మధ్యాహ్నం కునుకులో ఉన్నప్పుడు తట్టి అడగకండి. పొద్దున ఆయన తనంతట తాను లేచి, మొహం కడుక్కుని, బాల్కనీలో కాఫీ తాగుతున్నప్పుడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి.